ఇరువదియొక్క మైళ్ళ దూరము

పట్టణమున నివసించువానికి పల్లెమీద మనసు పోవుట సహజము. వీధిలో నిలిచి తలయెత్తి చూచినచో ఆకాశము జానెడే కనబడును. ఇంటికిని ఇంటికిని నడుమ గోడ యొక్కటే. అట్టివాడు సెలవునాడు ఊరి వెలుపలికి పోయి, చేనిగట్టున నిలిచి, చల్లని గాలి పీల్చి, "ఇచ్చట చిన్న యిల్లు కట్టుకొని బ్రతుకగలిగిన నెంత హాయి!" అని తలపోయును. ఈనాడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరముల వెలుపల, రాజమార్గముల కిరుప్రక్కల, ఈ తలపు ఫలించిన కాలనీలు అనేకము వెలసినవి. ప్రహరీగోడలు, పెద్ద ద్వారములు, వరుసగా నాటిన చెట్లు, విశాలమైన ఆవరణములు అందు కలవు. దారిప్రక్కన నిలిపిన ఫలకములపై స్థలము ఎన్ని గజములో, నగరమునుండి ఎన్ని నిమిషముల ప్రయాణమో పెద్ద అక్షరములతో వ్రాసియుండును. అచ్చట చేరినవారు ఎట్లు బ్రతుకవలెనో మాత్రము ఏ ఫలకమును చెప్పదు.

అది చిన్న ప్రశ్న కాదు. ఊరి వెలుపల చోటు సంపాదించుట యొకటి. ఆ చోట పదిమంది కలిసి బ్రతుకుట వేరొకటి. నీరెవరు తేవలెను? చెత్త యెచ్చట వేయవలెను? దినదినము నగరమునకే పరుగెత్తుచున్నచో పల్లెపట్టున నున్నందువలన లాభమేమి? భాష, మతము, ఆహారము వేరైనవారు ఒక్క ఆవరణమున ఎట్లు పొసగుదురు? ఈ ప్రశ్నల నన్నిటిని ఎదుర్కొని, తమ చేతులతోనే వానికి సమాధానము చెప్పిన యొక చిన్న జనసమూహము పూర్వము దక్షిణాఫ్రికాలో నుండెను. వారు నివసించిన చోటు పేరు టాల్‌స్టాయి క్షేత్రము. అందు తెలుగువారును ఉండిరి.

ఆ క్షేత్రము విహారమునకై వెలసినది కాదు. దక్షిణాఫ్రికాలోని ట్రాన్సువాలు రాష్ట్రమున భారతీయులు తమ వ్రేలిముద్రల నిచ్చి, పేర్లు నమోదు చేయించుకొని, ఆ పత్రమును ఎల్లవేళల వెంట నుంచుకొనవలెనని ప్రభుత్వము శాసనము చేయ సంకల్పించెను. దానికి లోబడమని 1906 సెప్టెంబరు 11వ తేదీన జోహాన్నెస్‌బర్గు నగరమున భారతీయులు సభచేసి ప్రతిజ్ఞ పూనిరి. గాంధీజీ నడపిన సత్యాగ్రహమునకు అదియే ప్రారంభము. ఆ ప్రతిజ్ఞను నిలుపుకొనుటకు చిల్లర వర్తకులు, బండ్లపై కూరగాయలు అమ్ముకొనువారు, కూలివారు పలుమారులు చెరసాలకు పోయిరి. పోయినవారికి చెరసాలలో అన్నము దొరకును. ఇంటివద్దనున్న భార్యకును, బిడ్డలకును ఎవరు పెట్టుదురు?

మొదట కొంతకాలము ఆ కుటుంబములకు నెలనెల సొమ్ము నిచ్చుచుండిరి. నగరమున అద్దెలు హెచ్చు, తిండికి వెల హెచ్చు. ఎవరి అవసరము ఎంతయో కొలిచి యిచ్చుట కష్టము. పోరాటమెన్నాళ్ళు సాగునో తెలియదు. నిధి మాత్రము తరిగిపోవుచుండెను. సొమ్ము చెల్లిననాడు ఉద్యమమును చెల్లును. కుటుంబముల నన్నిటిని ఒక్కచోట చేర్చి, అందరును కలిసి పనిచేసి, తక్కువ వ్యయముతో బ్రతుకుటయే మార్గమని గాంధీజీకి తోచెను. నేటాలు రాష్ట్రమున 1904లో తాము స్థాపించిన ఫీనిక్సు ఆశ్రమము ఉండెనుగాని, అది జోహాన్నెస్‌బర్గునుండి ముప్పది గంటల ప్రయాణము. చెరసాలకు పోవువారికిని, వచ్చువారికిని అంత దూరము పనికిరాదు.

ఆ సమయమున హెర్మన్ కాలెన్‌బాక్ ఆదుకొనెను. ఆయన జర్మను దేశమునుండి వచ్చిన యూదుడు, జోహాన్నెస్‌బర్గులో పేరుగన్న గృహనిర్మాణశిల్పి. ఒంటరివాడయ్యు ఇంటి అద్దెగాక నెలకు 1,200 రూపాయలు తనకొరకే వ్యయము చేయుచుండిన భోగి. గాంధీజీ స్నేహమువలన ఆ వ్యయమును 120 రూపాయలకు తగ్గించుకొనెను. ఆయన 1910 మే 30వ తేదీన నగరమునకు 21 మైళ్ళ దూరమున 1,100 ఎకరముల భూమిని కొని, అద్దె యేమియు లేకుండ సత్యాగ్రహుల కిచ్చెను. రష్యాదేశపు మహారచయితయైన టాల్‌స్టాయి శరీరశ్రమను గూర్చి చెప్పిన బోధలయందు గాంధీజీకిని, కాలెన్‌బాకునకును మిక్కిలి గౌరవము. అందుచే ఆ క్షేత్రమున కాయన పేరు పెట్టిరి. టాల్‌స్టాయి ఆ సంవత్సరము నవంబరులోనే మరణించెను.

ఆ భూమి చక్కనిది. దానియందు ఇంచుమించు వేయి ఫలవృక్షములు ఉండెను. నారింజ, ఆప్రికాటు, ప్లము పండ్లు కాపుకాలమున అందరును తినగా మిగులుచుండెను. గుట్టపాదమున అయిదారుగురికి చాలునంత చిన్న యిల్లు, రెండు బావులు, ఒక ఊట కలవు. లాలీ యను రైల్వేస్టేషను మైలు దూరము. అయినను 1,100 ఎకరములు ఉన్నంత మాత్రమున ఒక్కని ఆకలియు తీరదు, ఒక్కని తలయు తడియక మానదు. బ్రతుకుటకు వలసినది అంతయు అప్పటినుండి చేసికొనవలసియుండెను.

అచ్చటికి వచ్చినవారెవరు? గుజరాతు, తమిళదేశము, ఆంధ్రదేశము, ఉత్తరహిందూస్థానములకు చెందినవారని గాంధీజీ తమ దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో వ్రాసిరి. వారిలో హిందువులు, ముసల్మానులు, పార్సీలు, క్రైస్తవులు కలరు. యువకులు నలువదిమంది, వృద్ధులు ఇద్దరు ముగ్గురు, స్త్రీలు అయిదుగురు, పిల్లలు ఇరువది ముప్పదిమంది. ఇంతమందికి ఒక్కటే వంటయిల్లు.

మొదటి చిక్కు అచ్చటనే వచ్చినది. క్రైస్తవులును, ముసల్మానులును మాంసము తినువారు. గాంధీజీ శాకాహారి. అయినను భర్తలు చెరసాలలో నుండగా దిక్కులేక వచ్చిన కుటుంబములను "మా పద్ధతిని తినుడు, లేనిచో పొండు" అనుట ధర్మమా? వారు కోరినచో ఎట్టి మాంసమునైనను తెప్పించి యీయవలసినదేయని గాంధీజీ నిశ్చయించుకొనిరి. ఆ పిమ్మటనే వారికడకు పోయి తమ మనసులోని మాటను విప్పి చెప్పిరి. ఆ స్త్రీలు సంతోషముతో శాకాహారమునకు సమ్మతించిరి. పురుషులును ఒప్పుకొనిరి. బలవంతమున గెలిచియున్నచో ఆ వంటయిల్లు నెలనాళ్ళయినను నిలిచెడిది కాదు.

ఇండ్లు కట్టువరకు వారు డేరాలలో కాపురముండిరి. స్త్రీలకొక వరుస, పురుషులకొక వరుస, రెంటికి నడుమ కొంత ఎడము. పదిమంది స్త్రీలకును, అరువదిమంది పురుషులకును చోటు. వానికి తోడు కాలెన్‌బాకు కొక యిల్లు, దాని ప్రక్క బడి, వడ్రంగము, చెప్పులపని మొదలగువానికొక పనిశాల. అన్నియు ఇనుపరేకులతో కట్టినవే. సేవకులను పెట్టుకొనరాదనునది వారి మొదటి నియమము. వంట మొదలు పాకీపని వరకు అన్నియు నివాసులే చేసికొనవలెను. నగరమున బరువెత్తి యెరుగనివారు ఇచ్చట మట్టి త్రవ్విరి, కొయ్య కోసిరి, రాళ్ళు మోసిరి. బలహీనులుగా వచ్చినవారు బలవంతులైరి.

నీటి ఊట ఇండ్లకు 500 గజముల దూరమున ఉండెను. కావడులతో నీరు మోసి తెచ్చుకొనవలెను. మోసినవానికే నీటి విలువ తెలియును. వాడిన నీటిని దారిమీద పారబోయుటకు వీలులేదు. బాల్చీలలో పట్టి చెట్లకు పోయవలెను. తినగా మిగిలినదియు, కూరల తొక్కులును ఎరువుగా మారుచుండెను. చెత్తను గోతులలో పూడ్చుచుండిరి. మలమును అడుగున్నర లోతు గోతిలో వేసి, త్రవ్విన మట్టితోనే పూర్తిగా కప్పుచుండిరి. అంతమంది నివసించుచుండినను అచ్చట దుర్వాసన లేదు, ఈగలు లేవు. విశాలమైన చోటున్నది కదాయని మూలమూలల చెత్త పోయుట మానవస్వభావము. చోటు ఎక్కువయైన కొలది శుభ్రతయు ఎక్కువ కావలెనని వారు నిరూపించిరి.

ఉదయము ఆరు గంటలకు రొట్టెయు, గోధుమలు వేయించి చేసిన కాఫీయు. పదునొకండు గంటలకు అన్నము, పప్పు, కూర. సాయంకాలము అయిదున్నరకు గోధుమజావయు పాలును, లేక రొట్టెయు కాఫీయు. అందరికిని ఒక్కటే పంక్తి. తిన్న పాత్రను తానే కడుగుకొనవలెను. రాత్రి ఏడు గంటలకు ప్రార్థన. భజనలు పాడుదురు, ఒకనాడు రామాయణమునుండి, మరియొకనాడు ఇస్లాము గ్రంథములనుండి చదువుదురు. తొమ్మిది గంటలకు నిద్ర. మంచములు లేవు.

నగరము ఇరువదియొక్క మైళ్ళ దూరమున ఉండెను. ఊరి వెలుపలి కాపురమునకు గట్టి పరీక్ష ఆ దూరమే. ఏదో యొక పనిమీద అందరికిని జోహాన్నెస్‌బర్గు పోవలసియుండును. పిల్లలకైతే వేడుక చూచుటకే పోవలెనని యుండును. పల్లెపట్టున బ్రతికి మిగిల్చినదంతయు రైలు టిక్కెట్టులకును, నగరములోని ఫలహారములకును చెల్లిపోయినచో ఆ కాపురమునకు అర్థమేమి? కావున వారొక కఠిననియమము చేసికొనిరి. అందరి పనిమీద పోవువాడు మాత్రమే రైలెక్కవలెను. అదియు మూడవ తరగతిలోనే. తన వేడుకకు పోవువాడు నడచియే పోవలెను. ఇంటనుండి తీసికొనిపోయిన ఆహారమునే తినవలెను. నగరమున తిండికై ఒక్క కాసైనను వ్యయము చేయరాదు.

ఆ దారి బత్తెమును వారే సిద్ధము చేసికొనుచుండిరి. ఇనుప తిరుగలి యొకటి కొని, గోధుమలు విసరి, ఆ ముతక పిండితో రొట్టెలు కాల్చుచుండిరి. వేరుసెనగ గింజలను వేయించి, మెత్తగా విసరి, వెన్నకు మారుగా రొట్టెమీద పూసికొనుచుండిరి. దానికి వెన్న వెలలో నాలుగవ వంతే పట్టును. తోటలోని నారింజపండ్లతో పాకము చేసి దానిని నంజుకొనుచుండిరి. ప్రయాణము చేయువాడు రాత్రి రెండు గంటలకు లేచి, రెండున్నరకు బయలుదేరును. ఆరేడు గంటలలో నగరము చేరును. పని ముగించుకొని ఆనాడే నలువదిరెండు మైళ్ళును పూర్తిచేసి యింటికి వచ్చును. అందరికంటె వడిగా నడచినవాడు నాలుగు గంటల పదునెనిమిది నిమిషములలో నగరము చేరెను. ఈ నియమమువలన వందలకొలది రూపాయలు మిగిలినవి. సొమ్మునకు మించిన లాభము కాళ్ళకు కలిగినది. ఆ కాళ్ళతో తరువాత ఎంత పని యుండెనో అప్పటికి వారికి తెలియదు.

ఏ పనినైనను ఒకరు నేర్చుకొని పలువురికి నేర్పుట ఆ క్షేత్రపు పద్ధతి. చెప్పులు కుట్టుట నేర్చుకొనుటకై కాలెన్‌బాక్ మేరియన్‌హిల్లులోని ట్రాపిస్టు సన్న్యాసుల మఠమునకు పోయెను. గొప్ప భవనములకు పటములు గీచిన చేతితో తోలు కోయుట నేర్చుకొని వచ్చి, గాంధీజీకిని తక్కినవారికిని నేర్పెను. వడ్రంగము ఆయనకు ముందే తెలియును. పిల్లలకు ఉదయమంతయు తోటపని. గోతులు త్రవ్వుట, కొయ్య నరకుట, బరువులు మోయుట. చదువు మధ్యాహ్నమున. భోజనము చేసి, అలసిన దేహములతో కూర్చుండగా గురుశిష్యుల కిరువురకును నిద్ర ముంచుకొని వచ్చుచుండెను. కన్నులపై నీరు చల్లుకొని చదువుకొనుచుండిరి. గురువు తాను చేయని పనిని శిష్యునిచే చేయింపరాదనునది ఆ బడిలోని నియమము. అందుచే పిల్లలు ఏ పనినైనను తక్కువపని యని తలపలేదు.

పల్లెలో బ్రతుకువారికి మనుష్యులతోనేగాక పాములతోను పొత్తు తప్పదు. అహింసావ్రతులు పాముల నేమి చేయవలెను? కాలెన్‌బాక్ పాములను గూర్చిన పుస్తకములు తెప్పించి చదివెను. పాములన్నియు విషము గలవి కావనియు, అనేకము చేలలోని పురుగులను, ఎలుకలను తిని పంటను కాపాడుననియు పిల్లలకు బోధించిరి. భయము కొంత తగ్గెను. అయినను ఒకనాడు కాలెన్‌బాక్ గదిలో ఒక పాము కనబడెను. తరుముటకును, పట్టుటకును వీలులేని చోట నుండెను. దానిని చంపవచ్చునాయని గాంధీజీని అడిగిరి. వారు అనుమతి నిచ్చిరి. ఆ సంగతిని దాచక వ్రాసిరి. కలిసి బ్రతుకువారు నియమములు పెట్టుకొందురు. వానిని నిలుపలేని ఘట్టమును ఒప్పుకొనుటకును ధైర్యము కావలెను.

రంజాను మాసము వచ్చినది. ముసల్మాను బాలురు ఉపవాసము లుండుటకు తగిన యేర్పాట్లు చేసిరి. సాయంకాలమునను, తెల్లవారకమునుపును వారికి భోజనము వండిపెట్టుచుండిరి. అంతటితో ఆగలేదు. తక్కినవారు సైతము వారికి తోడుగా దినమునకు ఒక్కపూటయే భుజింపసాగిరి. హిందూబాలుడు ఆకలితో నుండి ముసల్మాను బాలుని ఆకలిని తెలిసికొనెను. అందువలన ఎవరి మతమును చెడలేదు. ఒకరి పండుగ అందరి పండుగ ఆయెను.

1912లో గోపాలకృష్ణ గోఖలే దక్షిణాఫ్రికాకు వచ్చినపుడు ఈ క్షేత్రమును చూడబోయిరి. ఆయన అప్పటికే ఆరోగ్యము చెడినవారు. స్టేషనునుండి నడచి రావలసియుండెను. దారిలో వర్షము కురిసి, తడిసి, చలి పట్టెను. అచ్చట మంచములు లేవు గనుక ఆయన కొరకై ఒక మంచమును ఎరువు తెచ్చి వేసిరి. తక్కినవారందరును నేలమీద పండుకొనుట చూచి గోఖలే ఆ మంచమును తీసివేయించి, తన పక్కను కూడ నేలమీదనే పరపించుకొనిరి. మహాసభలలో అందరి మన్ననలు పొందిన పెద్దమనిషి ఆ రాత్రి రేకుల కప్పు క్రింద, పిల్లలతో సమానముగా నేలమీద నిద్రించిరి.

1913 ఆరంభమున గాంధీజీ ఫీనిక్సునకు తరలిపోగా ఈ క్షేత్రపు కాపురము ముగిసినది. కాని దాని ఫలము తరువాతనే కనబడెను. ఒప్పందపు గడువు తీరిన కూలివారిపై ప్రభుత్వము ఏటేట వేయు మూడు పౌనుల పన్నును రద్దు చేయవలెనని ఆ సంవత్సరము మరల సత్యాగ్రహము మొదలయ్యెను. టాల్‌స్టాయి క్షేత్రమున నివసించిన స్త్రీలు అందు ముందునకు వచ్చిరి. వారు న్యూకాసిల్ బొగ్గుగనులకు పోయి కార్మికులకు సంగతి తెలుపగా సమ్మె లేచెను. వారికి చెరసాల తప్పలేదు. నవంబరు 6వ తేదీన 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు గాంధీజీ వెంట సరిహద్దు దాటి ట్రాన్సువాలులోనికి నడచిరి. వారి గమ్యస్థానమేది? టాల్‌స్టాయి క్షేత్రమే. దినమునకు ఇరువది మొదలు ఇరువదినాలుగు మైళ్ళ చొప్పున ఎనిమిది దినములు నడచి, అచ్చట చేరి, పోరాటము ముగియువరకు కాయకష్టము చేసికొని బ్రతుకవలెనని సంకల్పము.

వారు అచ్చటికి చేరలేదు. గాంధీజీని నిర్బంధించిరి. నడచువారిని బాల్ఫరువద్ద ఆపి, రైళ్ళలో నెక్కించి వెనుకకు పంపిరి. అయినను 1914లో ఆ పన్ను తొలగిపోయెను.

డెబ్బదిమందికి కట్టిన రేకుల యిండ్లున్న చోటికి రెండువేలమందిని పిలుచుటకు ధైర్యము ఎచ్చటనుండి వచ్చెను? అచ్చట భవనములు లేవు, ధాన్యపురాసులు లేవు. నీరు మోయుటకును, పిండి విసరుటకును, గోయి త్రవ్వుటకును, ఒక్క పంక్తిలో కూర్చుండుటకును, ఇరువదియొక్క మైళ్ళు నడచుటకును అలవాటుపడిన మనుష్యులను ఆ భూమి మూడేండ్లలో తయారుచేసినది. ఆ నమ్మకముతోనే వారిని పిలిచిరి.

ఆ రేకుల యిండ్లు నేడు లేవు. నగరముల వెలుపల విశాలమైన చోటులు మాత్రము నేడును దొరకుచున్నవి, కొనగలవారు కొనుచున్నారు. అట్టి చోట చేరినవారు తమ ఆవరణపు గోడ ఎంత ఎత్తోయని చూచుటకు ముందు, వాడిన నీరు ఏ చెట్టు మొదటికి పోవుచున్నదో, పొరుగువాని పండుగనాడు తమ పొయ్యి ఏ వేళకు వెలుగుచున్నదో చూచుకొన్నచో చాలును.